స్టీరింగ్ పైపులు మార్చిన రోజు

నాట్ల గుంపుకు మేస్త్రిగా ఉన్నన్నాళ్లూ నన్ను ఎక్కువ సతాయించింది మడి కాదు, బండి. మడి పని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నారు ఎంత లోతుకు గుచ్చాలో, ఏ నేల కాలు పట్టుకుని లాగుతుందో ఒకరు చెప్పనక్కర్లేదు. బండి అలా కాదు. అది ఎందుకు ఆగిందో అడిగితే చెప్పదు, పోనీలే అని వదిలేస్తే మనల్ని వదలదు.

నేను బడికి వెళ్లింది తక్కువ. నది అవతల మా అమ్మమ్మ ఊళ్లో ఉన్నప్పుడు తెలుగు అక్షరాలు దిద్దాను. కూడికలు తీసివేతలు వచ్చాయని తెలియగానే మా నాన్న, ఇక చాలు అని మాన్పించాడు. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఏటా నాట్లు మొదలయ్యే ముందు మా గుంపులో డ్రైవరు అందరి ఎదుట నిలబడి రెండు చేతులూ తల మీదికి ఎత్తి చూపించాలి. కొత్తగా చేరిన ఆడపిల్లలు అది చూసి మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఇదేం పూజ పెద్దమ్మా అని ఒకతె అడిగింది. ఇది పూజ కాదు. ఎలా వచ్చిందో చెబుతాను.

రాయచూరు వైపు దేవసూగూరు దాటి నది వెంట కొంత దూరం వెళ్తే మా ఊరు. మావి ఎక్కువగా వాన మీద పండే చేలు. నాట్ల పని కావాలంటే మాన్వి వైపు, తుంగభద్ర కాలువ కింద ఉన్న క్యాంపులకు వెళ్లాలి. ఆంధ్ర నుంచి వచ్చి వరి పండించుకుంటున్న రైతుల ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. బస్సులు పట్టుకుని వెళ్తే మడిలో దిగేసరికి ఎండ నెత్తికెక్కేది. అందుకని గుంపంతా కలిసి ఒక పాత డీజిల్ కారు కొన్నాం. ముందు రెండు సీట్లు, వెనక ఎదురెదురుగా బల్లల్లాంటి సీట్లు. మా దగ్గరికి వచ్చేసరికే అది చాలా చేతులు మారింది. బండి అందరిదీ. బాధ్యత నాది.

డ్రైవరు నాకంటే పెద్దవాడు. వరసకు ఏమీ కాకపోయినా అన్నా అనేదాన్ని, అతను నన్ను చెల్లె అనేవాడు. దూర ప్రాంతాలకు లారీలు నడిపి, భార్య పోయాక ఊరికి తిరిగి వచ్చి కూతురి ఇంట్లో ఉంటున్నాడు. బండి తాళం చెవి నడుముకు ఉన్నంత కాలమే అల్లుడు తనను కూర్చోమంటాడని ఒకసారి నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్నా ఆ మాట నిజమని నాకు తెలుసు. గుంపులో అతనికీ మాతో పాటు సమానంగా ఒక వాటా ఉండేది.

గుంపులో నా తరువాత మాట చెల్లేది మా ఆడబిడ్డది. ఆమె వేసిన నాటు తాడు పట్టి వేసినట్టుంటుంది. నోరు కూడా అంత సూటి. ఆమె కొడుకు ఆ ఏడే లైసెన్సు తెచ్చుకుని ఖాళీగా ఉన్నాడు. ఆమెకు ఆ తాళం చెవి మీద కన్నుండటంలో తప్పేమీ లేదు, కన్నతల్లి కదా.

ఆ ఏడు నాట్లు మొదలయ్యేసరికి స్టీరింగ్ బరువెక్కింది. ఇలాంటి బళ్లలో ఇంజను పక్కన ఒక చిన్న పంపు, దానికి ఒక నూనె డబ్బా ఉంటాయి. అది నూనెను గట్టిగా తోస్తుంటే ఆ ఒత్తిడి మీద చక్రాలు తేలికగా తిరుగుతాయి. పంపు నుంచి స్టీరింగ్ పెట్టెకు నూనె తీసుకుపోయే పైపు ఒకటి, పని అయ్యాక నూనెను తిరిగి డబ్బాలోకి తెచ్చే పైపు ఒకటి. మొదటి పైపు మూతి దగ్గర నూనె కారుతోందని, రెండు పైపులూ మార్పించమని డ్రైవరు ముందే చెప్పాడు. నూనె పోసి నడుపు, నాట్లు అయ్యాక చూద్దాం అన్నాను. కారే నూనె నేలపాలు కాకుండా రాత్రిపూట కింద ఒక పాత గిన్నె పెట్టాను. ఆ నూనె తలుపు బందులకు పనికొచ్చింది.

గట్ల మీద మలుపు తిప్పేటప్పుడు అతను పళ్లు బిగపట్టేవాడు. వెనక కూర్చున్న ఆడవాళ్లకు అది అద్దంలో కనిపించేది. ఒకరోజు మా ఆడబిడ్డ దాచుకోకుండా అనేసింది.

"బండిది కాదు వదినె, అన్నకు సత్తువ తగ్గింది."

"సత్తువ తగ్గితె ఇంకో రొట్టె తింట," అన్నాడు డ్రైవరు వెనక్కి తిరక్కుండానే. "పైపుకు రొట్టె పెట్టొస్తదామ్మా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట నా మీదికి వచ్చిందని నాకు తెలిసింది.

తరువాత కొద్దిరోజులకే కాలువ గట్టు మీద, తూము దగ్గరి మలుపులో బండి తిరగలేదు. తిరగాల్సినంత తిరగలేదు అనాలి. ముందు చక్రం గట్టు అంచు దిగి, సర్కారు తుమ్మ పొదలో బండి ముక్కు ఆనించి ఆగింది. ఆ పొద లేకపోతే కాలువే. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. సద్ది డబ్బాలు దొర్లిపోయాయి, ఒకరి గాజులు పగిలాయి. ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగి డబ్బాలు ఏరుకున్నారు. నా మీద అరిచి ఉంటే బాగుండేదనిపించింది. దారిన పోయే ట్రాక్టరు వాళ్లు బండిని వెనక్కి లాగిపెట్టారు. మేము నడిచి వెళ్లి మడిలో దిగాం.

మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని తింటున్నప్పుడు మా ఆడబిడ్డ అందరి ముందూ తేల్చి చెప్పింది. రేపటి నుంచి తన కొడుకే తోలుతాడు, నీకు అన్నే కావాలనుకుంటే నువ్వొక్కదానివే ఆ బండిలో పో అంది. తక్కినవాళ్లు తలలు వంచుకుని తింటున్నారు. డ్రైవరు కాస్త దూరంగా కూర్చుని ఉన్నాడు. చెయ్యి కడుక్కుని లేచి వచ్చాడు.

"పైపులు మార్చినంక గూడ బండి గిట్లనె పోతె, తాళం చెవి నేనే ఇస్త. అడిగిచ్చుకోను."

ఆ సాయంత్రం క్యాంపు రైతుకు ఒకరోజు రాలేమని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాడు, కానీ కాలువ నీళ్లు ఆయన మాట వినవు. "రేపొక్క రోజు ఆగుతానమ్మా," అన్నాడు. "నారు ముదిరిపోతోంది, నీళ్ల వంతు కూడా దాటిపోద్ది. ఎల్లుండి పొద్దుటికి మీరు రాకపోతే ఇంకో ముఠాని పిలుచుకుంటాను, ఏమనుకోమాక." ఒక రైతు వేరే గుంపును పిలిస్తే పక్క రైతు కూడా వాళ్లనే పిలుస్తాడు.

బండిని రాయచూరులో షెడ్డుకు పంపుదామంటే అక్కడ ట్రాక్టర్లు వరస కట్టి ఉన్నాయి. నాట్ల కాలంలో కారును ఎవరు ముట్టుకుంటారు? మన వాకిట్లోనే మారుద్దాం, కొత్త పైపులు తెచ్చిపెట్టు చాలు అన్నాడు డ్రైవరు. లారీల మీద ఉన్న రోజుల్లో ఇలాంటివి రోడ్డు పక్కన పడుకుని ఎన్నో చేశానన్నాడు.

మేము బస్సెక్కి వచ్చాం, అతను ఖాళీ బండిని మెల్లగా ఊరికి తెచ్చాడు. పొద్దున్నే మా వాకిట్లో బండి నిలిపాం. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు భాగం జాకీతో ఎత్తి, కింద వేప మొద్దులు దూర్చాం. మా ఆడబిడ్డ పిలవకుండానే వచ్చింది. సాయం చెయ్యడానికి రాలేదు, చూడటానికి వచ్చింది. ఊరికే నిలబడటం ఎందుకని నూనె పట్టే బేసిను ఆమె చేతిలో పెట్టాను.

డ్రైవరు కింద దూరి, తిరిగి వచ్చే పైపు ఊడదీశాడు. నల్లటి నూనె బేసిన్లోకి దిగింది. దాని వెనక పైపు వచ్చింది. నల్ల రబ్బరు పైపు ఉండాల్సిన చోట పసుపు పచ్చ పైపు. పంటకు పురుగుమందు కొట్టే యంత్రానికి ఉండే పైపు అది. కాలువ కింద ఊళ్లలో ఆ పైపు లేనిదే ఏ పనీ జరగదు. పాతబడితే కోసి బట్టలు ఆరేస్తారు, దూడను కడతారు, బకెట్టు పిడికి తొడుగుతారు. అంతకు ముందటి పంట కోతల్లో ఒక క్యాంపులో తిరుగు పైపు చీలితే, రైతు కొట్టంలో ఉన్న ఆ పైపు ముక్క కోసి, రెండు వైపులా క్లిప్పు బిగించి బండి కదిలించారు. మందుకు ఆగేది నూనెకు ఆగదా అనుకున్నాం. చుట్టూ ఉన్నవాళ్లందరూ శభాష్ అన్నారు, నేను కూడా అన్నాను. తరువాత దాని సంగతి అందరమూ మరిచిపోయాం.

డ్రైవరు కొడవలి అడిగి దాన్ని పొడవునా చీల్చాడు. వేడి నూనెకు లోపలి పొర ఉబ్బి, నానిన తోలులా అయి, దారి మూసుకుపోయింది. చీల్చక ముందు నా చిటికెన వేలు పెట్టి చూశాను, దూరలేదు. నూనె తిరిగి రావడానికి దారి లేకపోతే స్టీరింగ్ ఎలా తిరుగుతుంది?

అతను ఆ ముక్కను మా ఆడబిడ్డ ముందు పెట్టాడు. "ఇగో సూడమ్మా. నాకు తగ్గిన సత్తువ దీంట్ల ఉంది."

"పెట్టింది నువ్వే గద అన్నా."

"నేనే," అన్నాడు. ఆమె బేసిను కింద పెట్టి ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది.

పాత పైపులు రెండూ గోనెసంచిలో చుట్టుకుని నేను బస్సెక్కి రాయచూరు వెళ్లాను. ట్రాక్టర్లకు, మట్టి తవ్వే యంత్రాలకు పైపులు కట్టే దుకాణం ఒకటి ఉంది. పాత పైపు పొడవు కొలిచి, కొత్త పైపు కోసి, చివరలకు ఇనుప మూతులు పెట్టి యంత్రంలో నొక్కుతారు. దుకాణం అతను పసుపు పచ్చ ముక్కను తిప్పి తిప్పి చూసి, ఇది పంటకు మందు కొట్టే పైపు కదా అమ్మా, కారుకు ఏం పురుగు పట్టిందని ఉర్దూలో అడిగాడు. నువ్వు కొలత చూడు అన్నాను. పైపు మూతుల దగ్గర వేసే రాగి వాషర్లు పాతవే మళ్లీ వాడొచ్చా అని అడిగాను. అతను కొత్తవి తీసి బల్ల మీద పెట్టాడు. నూనెకు ఇంటి నుంచి సీసా తెచ్చుకున్నానంటే, సీలు ఉన్న డబ్బా తప్ప ఇవ్వనన్నాడు. అన్నీ కొన్నాను. పసుపు పచ్చ ముక్కను మాత్రం అక్కడ పారెయ్యనివ్వలేదు, వెనక్కి తెచ్చుకున్నాను.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. డ్రైవరు మళ్లీ కింద దూరాడు. పొగ గొట్టానికి తగలకుండా, పాత పైపు వచ్చిన దారినే కొత్తది తెచ్చి, రాగి వాషర్లు వేసి బిగించాడు. పానా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ చాలాసేపు తీసుకున్నాడు. ఇరుకు చోటు కదా అనుకున్నాను.

ఇక గాలి తియ్యాలి. కొత్త పైపుల్లో గాలి ఉంటే పంపు మూలుగుతుంది, స్టీరింగ్ పట్టు తప్పుతుంది. అందుకని ముందు చక్రాలు గాలిలో ఉండగానే, ఇంజను ఆపి, స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. డబ్బాలో బుడగలు పైకి వస్తుంటే నూనె పోస్తూ ఉండాలి. మా ఆడబిడ్డ ఎత్తిన బానెట్ అవతల నూనె డబ్బాతో నిలబడింది. డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నేను అతని తలుపు పక్కన నిలబడి చక్రాలు చివరి దాకా వెళ్తున్నాయో లేదో చూస్తున్నాను.

చక్రాలు నేలను ఆనుకోలేదు కాబట్టి బరువేమీ లేదు. అతను ఎడమ చేత్తో తిప్పుతున్నాడు. ఎడమకు తిప్పినా ఎడమ చెయ్యే, కుడికి తిప్పినా ఎడమ చెయ్యే. కుడి చెయ్యి తొడ మీద ఎవరిదో వస్తువులా పడి ఉంది.

కాసేపు చూసి, "అన్నా, కుడి చేత్తోని తిప్పు," అన్నాను.

అతను ముందు అద్దం వైపే చూస్తున్నాడు. "తిరుగుతుంది గద చెల్లె."

"కుడి చేత్తోని."

చెయ్యి తీసి స్టీరింగ్ అడుగున పెట్టాడు. కింద నుంచి కొంచెం తోశాడు. పైకి తీసుకుపోబోతే చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. ముఖంలో పళ్లు బిగపట్టిన ఆ గీతలే మళ్లీ కనిపించాయి. ఆ గీతలు పైపు వల్ల వచ్చినవని ఇన్నాళ్లూ నేను అనుకున్నాను.

ఎప్పటి నుంచి అని అడిగాను. పోయిన కోతల నుంచి అన్నాడు. డాక్టరుకు చూపించావా అంటే, భుజం కీలు బిగుసుకుపోయింది, బరువు పెట్టొద్దన్నాడని చెప్పాడు. కూతురికి తెలియదు, అల్లుడికి అసలు తెలియదు.

"పైపు బరువు నిజమే చెల్లె," అన్నాడు గొంతు తగ్గించి. "చెయ్యి గూడ నిజమే. పైపు బాగయితె ఒక్క చెయ్యి సాలనుకున్న."

బానెట్ అవతల నుంచి మా ఆడబిడ్డ గొంతు వచ్చింది. "బుడగలు బందైనయ్ వదినె."

ఇంజను తిప్పి, మళ్లీ చూసి, నూనె నిండా పోసి, మొద్దులు తీసి బండిని నేల మీదికి దించాం. అతను ఎక్కలేదు. నేను ఎక్కి, ఇంజను నడుస్తుండగా నిలబడ్డ చోటే స్టీరింగ్ తిప్పి చూశాను. రెండు వేళ్లకు తిరిగింది. పిండి కలిపినంత కష్టం కూడా లేదు. ఇంతకాలం దీనికా అంతమంది భయపడింది అనిపించింది.

నేను దిగి అతని వైపు చూశాను. నువ్వు చెబుతావా, నేను చెప్పనా అని అడిగాను. అతను తాళం చెవి తీసి బానెట్ మీద పెట్టాడు.

"ఏందన్నా, బండి బాగైంది గద," అంది మా ఆడబిడ్డ.

అతను కుడి చెయ్యి ఎత్తి చూపించాడు. ఎత్తగలిగినంత ఎత్తాడు. ఆమె ఎన్నాళ్ల నుంచో కోరుకున్న తాళం చెవి చేతికి అందేంత దూరంలో ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఆ చేతినే చూసి, "నిన్న మలుపు కాడ మేమందరం ఎనక కూసున్నం అన్నా," అంది. అంతే అంది. అతను తల వంచుకున్నాడు. ఆ మాట సరైన మాట. నేను సర్దిచెప్పడానికి పోలేదు. వయసు మళ్లినవాడని, కష్టంలో ఉన్నాడని చెప్పి కప్పిపుచ్చే విషయం కాదది. గట్టు మీద నుంచి బండి కాలువలో పడితే మునిగేది అతనొక్కడే కాదు.

కానీ తాళం చెవి లేకుండా అతను ఆ సాయంత్రం కూతురి ఇంటికి ఎలా వెళ్తాడో కూడా నాకు తెలుసు.

మా గుంపులో ఒక పద్ధతి మా అత్త కాలం నుంచీ ఉంది. నడుము వంగని ముసలమ్మలను మానెయ్యమనం. వాళ్లు నారు కట్టలు మడిలోకి విసురుతారు, గట్టు మీద నీళ్లు అందిస్తారు. వాటా మాత్రం అందరితో సమానం. దాని మీద ఎవరూ గొణగరు, ఎందుకంటే ప్రతివాళ్లకూ ఒక నడుము ఉంది.

"నడుము పోయినోళ్లకు నారు కట్టలున్నయ్," అంది మా ఆడబిడ్డ నా ముఖం చూసి. నేనేం ఆలోచిస్తున్నానో ఆమెకు తెలుస్తుంది. "చెయ్యి పోయినోళ్లకు ఏముంది?"

"పక్క సీటుంది," అన్నాను. "బండి నీ కొడుకు తోల్తడు. అన్న పక్కన కూసుంటడు. గట్టు ఏడ మెత్తగుందో నీ కొడుక్కెరుక లేదు, అన్నకెరుక. ఆపమన్న కాడ ఆపాలె."

"ఊకె కూసునుడుకు వాటానా?"

"ఊకె కూసుంటె ఇయ్య. దారి చెప్పాలె."

ఆమె బానెట్ దగ్గరికి వచ్చింది. తరువాత తాళం చెవి తీసుకుని, తన కొంగుకు కట్టుకోకుండా డ్రైవరు ఎడమ చేతిలో పెట్టింది. పొద్దున నువ్వే మా వాడికి ఇయ్యి అంది. నాకు ఆమె మీద ఉన్న కోపాలు చాలా ఆ పూట తగ్గాయి. అన్నీ కాదు.

మరునాడు తెల్లవారుతుండగా బయలుదేరాం. మేనల్లుడు బాగానే తోలాడు. కుర్రతనం కాబట్టి కొంచెం దుడుకు. తూము మలుపు ఇంకా దూరంగా ఉండగానే డ్రైవరు జర ఆపు బాబూ అన్నాడు. ఆపాడు. డ్రైవరు ఆడవాళ్లందరినీ దించి నడిపించాడు, ఖాళీ బండి మలుపు దాటాక మళ్లీ ఎక్కించాడు. ఇన్నాళ్లూ నాకు తట్టని పని అది, అన్నాడు నాతో. చేతిలో స్టీరింగ్ ఉన్నప్పుడు దాటెయ్యాలనే అనిపిస్తుందట. ఇప్పటికీ ఆ మలుపులో మా గుంపు దిగి నడుస్తుంది. ఆ రోజు రైతు మడి నాటి, పక్క రైతు మడి కూడా మాట్లాడుకుని వచ్చాం.

కోతల తరువాత మేనల్లుడు టిప్పరు నడపడానికి వెళ్లిపోయాడు. బండి తోలడానికి మళ్లీ ఎవరూ లేరు. బయట మనిషిని పెట్టడం నాకు ఇష్టం లేదు. రెండు వేళ్లకు తిరిగిన ఆ స్టీరింగ్ నా మనసులో అలాగే ఉంది. అన్నను అడిగాను. ఎండిన చెరకు తోట పక్కన ఖాళీ నేలలో అతను పక్క సీట్లో కూర్చుని నాకు నేర్పాడు. తిట్టాడు కూడా. ఆ వయసులో ఒక ఆడమనిషి అట్లా తిట్లు తినడం చూడటానికి ఊళ్లో సగం మంది వచ్చారు. లైసెన్సు తెచ్చుకున్నాక ఇంకెవరూ రాలేదు.

నేను తోలిన మొదటి నాట్లకు ముందు బానెట్ ఎత్తి, పైపులు తడిమి, నూనె చూసి మూస్తున్నాను. డ్రైవరు గుంపంతా వింటుండగా అన్నాడు.

"బండి పైపులు సూస్తివి. ఇగ నీ చేతులు సూపియ్యి చెల్లె."

రెండు చేతులూ తల మీదికి ఎత్తాను. అప్పటి నుంచి ఏటా అదే. నూనె చూసిన రోజే చేతులు కూడా. పిల్లల్లారా, మీరు నవ్వేది దీన్ని చూసే.

అతను తరువాత చాలా ఏళ్లు పక్క సీట్లో వచ్చాడు. కళ్లు మసకబారాక తనే మానుకున్నాడు. ఆ సీట్లో సద్ది డబ్బాలు పెట్టుకోవడం మొదలుపెట్టాం. పసుపు పచ్చ పైపు ముక్క ఇప్పటికీ మా ఇంట్లో బకెట్టు పిడికి ఉంది, ఆ పనికి అది బాగానే ఆగింది.

పోయిన ఏడు నాట్లకు ముందు మామూలుగానే పైపులు తడిమాను. కారడం లేదు. గుంపు ముందు నిలబడి చేతులు ఎత్తాను. కుడి చెయ్యి పైకి వెళ్లింది. ఎడమ చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. ఇంకోసారి ఎత్తి చూడలేదు, అవసరం లేదు. తాళం చెవి తీసి మా ఆడబిడ్డ కోడలి చేతిలో పెట్టాను. ఆ పిల్లకు తోలడం నేనే నేర్పాను.

ఎవరూ నవ్వలేదు. మా ఆడబిడ్డ ముందుకు వెళ్లి, పక్క సీట్లో ఉన్న సద్ది డబ్బాలన్నీ ఒక్కొక్కటే తీసి వెనక పెట్టింది. కొంగుతో సీటు దులిపింది.

"ఎక్కు వదినె," అంది. "పొద్దెక్కుతుంది."